సభలో కూర్చుని మౌనంగా ఉంటే పాపం అంటుతుందా?

ఈ వారం వీడియోలో ద్యూత సభ ఘట్టం చూశాం కదా. దుర్యోధనుడు, దుశ్శాసనుడు చేసింది పాపమే, అందులో ఎవరికీ డౌట్ లేదు. అసలు ప్రశ్న మిగతావాళ్ల గురించి. తమ చేత్తో ఏ తప్పూ చేయకుండా, ఊరికే సభలో కూర్చున్న పెద్దలకి కూడా ఆ పాపంలో వాటా ఉంటుందా?

ఇదే ప్రశ్న మన హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ విషయంలో వచ్చింది. 2008 డిసెంబర్ 16న చైర్మన్ రామలింగరాజు తన కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు సత్యం చేత కొనిపించాలనుకున్నారు. పేరున్న ప్రొఫెసర్లు, నిపుణులు ఉన్న బోర్డు సరే అంది. షేర్‌హోల్డర్లు గొడవ చేస్తేనే ఆ డీల్ ఆగింది. 2009 జనవరి 7న రాజు రాసిన లేఖతో అసలు సంగతి బయటపడింది. లెక్కల్లో చూపించిన సొమ్ములో సుమారు 5,040 కోట్లు అసలు లేనే లేవు!

మరి ఏడాదికి నాలుగైదుసార్లు మీటింగ్‌కి వచ్చే డైరెక్టర్‌ని దీనికి తప్పుపట్టడం న్యాయమేనా? దొంగ లెక్కలు చూపిస్తే ఎవరైనా మోసపోతారు కదా?

2013 కంపెనీల చట్టం దీనికి సమాధానం చెప్తుంది. సెక్షన్ 149(12) ప్రకారం, కంపెనీలో జరిగిన ప్రతి తప్పూ ఇండిపెండెంట్ డైరెక్టర్ నెత్తిన పడదు. బోర్డు ద్వారా తనకి తెలిసి, తన ఒప్పుకోలుతో జరిగితే బాధ్యుడే. కానీ ఇంకో మాట కూడా ఉంది. తాను చూపించాల్సిన శ్రద్ధ చూపించకపోయినా బాధ్యుడే. అంటే "నాకు తెలియదు" అంటే సరిపోదు. తెలుసుకోవడానికి ఏం చేశావో కూడా చెప్పాలి.

మహాభారతంలో విదురుడు ఆ సభలోనే ఒక కథ చెప్తాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, సుధన్వుడికీ మధ్య ఎవరు గొప్ప అని ప్రాణాలే పందెంగా వాదన వస్తుంది. తీర్పు చెప్పాల్సింది ప్రహ్లాదుడే. నిజం చెప్తే కొడుకు ప్రాణం పోతుంది. ఏం చేయాలని కశ్యపుణ్ణి అడిగితే, ధర్మం తెలిసీ సభలో నోరు విప్పనివాడికి పాపం అంటుతుందని చెప్తాడు. ప్రహ్లాదుడు సుధన్వుడే గొప్పవాడని తీర్పు ఇస్తాడు. ఆ నిజాయితీకి మెచ్చి సుధన్వుడు విరోచనుణ్ణి వదిలేస్తాడు.

ఇంత విన్నాక కూడా ఆ సభలో పెద్దలు నోరు విప్పలేదు. భీష్ముడు అంతకుముందే ధర్మం సూక్ష్మం, తేల్చలేనన్నాడు. కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు మాత్రం అప్పటికే లేచి ఇది అధర్మం అన్నాడు. కర్ణుడు తిట్టి కూర్చోబెట్టాడు. వికర్ణుడి మాట నెగ్గలేదు, అయినా మౌనంగా ఉన్నవాళ్ల లెక్కలో మనం అతన్ని వేయం. చట్టం అడిగేది కూడా అదే. నువ్వు గెలిచావా అని కాదు, అడగాల్సింది అడిగావా అని.

మనలో చాలామంది ఏ కంపెనీ బోర్డులోనూ లేము. కానీ అపార్ట్‌మెంట్ కమిటీలో లెక్కల మీద సంతకం పెడతాం, గుడి ఉత్సవాల చందాలు చూస్తాం, ఆఫీసులో ఇంకొకరి కోడ్‌ని అప్రూవ్ చేస్తాం. మన పేరు చూసి ఎవరో నమ్ముతున్నారు. చదవకుండా సంతకం పెట్టడం అంటే ఆ నమ్మకాన్ని గాలికి వదిలేయడమే. ఈసారి మీ దగ్గరికి కాగితం వచ్చినప్పుడు, మొహమాటపడకుండా ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

జై శ్రీకృష్ణ.