గుగ్గిళ్లు, మంచినీళ్లు

మా హాస్టల్ గదుల్లో స్టవ్ పెట్టుకోకూడదు. కెటిల్ కూడా పెట్టుకోకూడదు గానీ, వార్డెన్ మేడమ్ పై అంతస్తు దాకా ఎక్కి వచ్చేది ఏడాదికి ఒకటి రెండు సార్లే కాబట్టి అందరి దగ్గరా ఉంటుంది. నా కెటిల్‌లో టీ కాగేది తక్కువ, శనగలో ఉలవలో ఉడికేది ఎక్కువ. రాత్రి నానబోస్తాను. పొద్దున ఉడికించి, ఉప్పు వేసి, ఒక పచ్చిమిర్చి తుంచి, ఉంటే అర ఉల్లిపాయ తరుగుతాను. బయట టిఫిన్ మానేశాక నెలకు వెయ్యి రూపాయల పైనే మిగులుతోంది. రోజూ గుగ్గిళ్లు తినేదాన్ని, పైగా సంస్కృతంలో పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని. ఉపనిషత్తుల్లో గుగ్గిళ్లు తిన్న మనిషి మీద నా మనసు ఆగిపోవడంలో వింతేమీ లేదు.

ముందు లెక్క చెబుతాను. నాకు నెట్ వచ్చింది, జేఆర్‌ఎఫ్ రాలేదు. ఈ రెంటికీ తేడా మా ఊళ్లో ఎవరికీ తెలియదు, ఎన్నిసార్లు చెప్పినా మా నాయినకూ తెలియదు. రాసేది ఒకటే పరీక్ష. పై వరసలో నిలిచిన కొద్దిమందికి ఫెలోషిప్పు, వాళ్ల తర్వాతి వాళ్లకు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి అర్హత. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000. అర్హతకు నెలకు సున్నా. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేని పరిశోధకులకు నెలకు 8,000 ఇచ్చే ఏర్పాటు ఒకటుంది. 2015 అక్టోబరులో యూజీసీ దాన్నీ ఎత్తేస్తామంటే విద్యార్థులు ఢిల్లీలో ఆ ఆఫీసు ముందే బైఠాయించారు. మాది రాష్ట్ర విశ్వవిద్యాలయం. బైఠాయించి కాపాడుకుందామన్నా నాకు ఆ ఎనిమిది వేలు లేవు. అలాగని జేఆర్‌ఎఫ్ ఉన్న మా రూమ్మేట్ హాయిగా ఉందనుకోకండి. ఆ డబ్బు మూడు నాలుగు నెలలకోసారి ఒక్కసారే పడుతుంది. పడేలోపు ఆమె నా దగ్గర అప్పు చేసిన నెలలున్నాయి. దాంతో గదిలో మర్యాదలు సమానంగానే సాగుతున్నాయి.

ఇక ఆ మనిషి సంగతి. ఛాందోగ్యం మొదటి అధ్యాయం పదో ఖండంలో ఉషస్తి చాక్రాయణుడనే పండితుడు వస్తాడు. కురుదేశంలో పంట పోయింది. వడగళ్లని కొందరు, మిడతలని కొందరు అర్థం చెప్పారు. తిండి దొరక్క ఉషస్తి భార్యను వెంటబెట్టుకుని ఏనుగులవాళ్ల ఊరు చేరాడు. అక్కడొక ఏనుగులవాడు నాసిరకం మినుములు ఉడికించుకుని తింటున్నాడు. నాకూ కాసిని పెట్టమన్నాడు ఉషస్తి. నా ముందున్న ఈ ఎంగిలివి తప్ప వేరే లేవన్నాడు అతను. అవే పెట్టమన్నాడు ఇతను. తిన్నాడు. ఏనుగులవాడు మర్యాదగా తన నీళ్లు కూడా ముందుకు జరిపాడు. ఉషస్తి వద్దన్నాడు, ఎంగిలి నీళ్లు తాగినట్టవుతుందని. మరి ఆ గుగ్గిళ్లో, అవి ఎంగిలి కావా అని అడిగాడు ఏనుగులవాడు. నేను అడగాలనుకున్న ప్రశ్న ఆయనే అడిగేశాడు. అవి తినకపోతే నేను బతికేవాణ్ని కాను, నీళ్లంటావా, అవి నాకు కావలసినప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి అన్నాడు ఉషస్తి.

ఈ కథ మీద పెద్ద చర్చే ఉంది. ప్రాణం పోయేటప్పుడు మాత్రమే ఎవరి అన్నమైనా తినవచ్చునని బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం నాలుగో పాదంలో తేల్చడానికి ఈ గుగ్గిళ్లే సాక్ష్యం. శంకరులు తన ఛాందోగ్య భాష్యంలో ఇంకో మెట్టు ఎక్కారు. ఇంత దురవస్థలో పడ్డ విద్వాంసుడికి పాపం అంటదు సరే, కానీ నిందలేని దారి వేరే ఉండగా ఇలాంటి పని చేస్తే దోషమేనన్నారు. నాకు జ్ఞానం ఉంది కదా అన్న ధీమాతో చేస్తే నరకమేనన్నారు. పీహెచ్‌డీ విద్యార్థులకు ఆ చివరి మాట గట్టిగానే తగులుతుంది.

నేను సాలోళ్ల పిల్లను. చౌటుప్పల్ దాటి లోపలికి వెళ్తే మా ఊరు. కాబట్టి ఎంగిలి అన్న మాట దగ్గర నేను మా గైడ్ సారంత తేలిగ్గా ముందుకు పోలేను. ఉషస్తి నీళ్లు వద్దన్నది ఆత్మనిగ్రహంతోనా, లేక ఏనుగులవాడి కులం చూసా? ఏనుగులవాడని నేను చెప్పిన పదానికి భాష్యకారుడు ధనవంతుడనీ మావటి అనీ రెండర్థాలూ ఇచ్చి ఊరుకున్నాడు. తెలుగునాట పేద బ్రాహ్మణ పిల్లలు వారాలు చేసుకుని చదువుకున్న కథలు విన్నప్పుడూ నాకు ఇలాగే ఉంటుంది. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. అన్నం పెట్టిన తల్లుల గురించి చదివితే కళ్లు చెమరుస్తాయి. మరి ఆ కాలంలో చదువుతానని బయల్దేరి ఉంటే మా తాతకు వారం ఇచ్చే ఇల్లు ఏ వీధిలో ఉండేది? హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ వచ్చింది. ఇతర కులాల పిల్లలకు కూడు, గూడు అలా మెల్లగా, ఎవరి కులం వాళ్లు పూనుకుంటే దొరికాయి. నేనుంటున్న హాస్టల్ వెనుక అంత చరిత్ర ఉంది. అందుకే మెస్ చారు నీళ్లలా ఉన్నా నేను పెద్దగా తిట్టను. కొంచెం తిడతాను.

అయినా ఉషస్తిని వదల్లేదు. ఎందుకంటే ఆయన గీత గీసింది అన్నం, నీళ్ల మధ్య అనుకుంటే కథ చిన్నదైపోతుంది. లేకపోతే చచ్చేది ఒకటి, ఉంటే బాగుండేది ఒకటి. ఆ రెంటి మధ్య గీశాడు. ఆకలితో ఉన్నవాడికి ఆ గీత కనబడడమే పెద్ద సంగతి.

లైబ్రరీకి వెళ్లే దారిలో జీహెచ్‌ఎంసీ వాళ్ల ఐదు రూపాయల భోజనం డబ్బా ఉంది. 2014లో మొదలైన పథకం. అన్నం, సాంబారు, ఒక కూర, కాస్త పచ్చడి. అక్కడ ఆటో అన్నలు, అడ్డా కూలీలు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, నేను. మొదట్లో నా ముందు వరసలో తట్ట పట్టుకుని నిలబడ్డ అవ్వను చూస్తే గొంతు దిగేది కాదు. ఆమె పళ్లెం నేను లాక్కుంటున్నానా అనిపించేది. ఒకరోజు నా దాకా వచ్చేసరికి కూర అయిపోయింది. అవ్వ వెనక్కి తిరిగి తన పళ్లెంలోంచి సగం నా పళ్లెంలోకి తోసింది. "తిను బిడ్డా, సదువుకునేదానివి" అంది. చెయ్యి పెట్టిన కూర. ఎంగిలా కాదా అన్న ఆలోచన నాకు తిన్నాక వచ్చింది.

పై సంపాదన విషయానికొస్తే, డబ్బు తీసుకుని పాఠం చెప్పేవాణ్ని శ్రాద్ధానికి పిలవకూడదని మనువు రాశాడు. చదువును బతుకుతెరువుకే వాడేవాడు జ్ఞానాన్ని అమ్ముకునే వర్తకుడని కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో ఒక పాత్ర చేత అనిపించాడు. నన్ను ఏ శ్రాద్ధానికీ ఎవరూ ఎలాగూ పిలవరు కనుక నేను నిశ్చింతగా ట్యూషన్లు చెబుతాను. మార్కులు బాగా పడతాయని ఇంటర్‌లో సంస్కృతం తీసుకున్న పిల్లలు ఇద్దరు. డాలస్‌లో ఒక తెలుగువాళ్ల ఇంట్లో అన్నాచెల్లెళ్లకు గీతాశ్లోకాలు. ఎండాకాలంలో ఇక్కడ పొద్దున ఆరయితే అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. ఆ పిల్లవాడు చికెన్ నగెట్లు నములుతూ ఫలాపేక్ష వద్దన్న శ్లోకం చదువుతాడు, నేను నెలాఖరున వాళ్లమ్మకు ఫీజు గుర్తుచేస్తాను. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. మగ్గం మీద చీర నేసి కూలి తీసుకోవడం పాపమని మా ఇంట్లో ఎవరూ అనలేదు. పాఠం నేయడమూ అంతే.

సిగ్గు వేరే చోట ఉంది.

గేటు ఎదుటి వీధిలో జిరాక్స్ షాపులుంటాయి. ప్రాజెక్ట్ వర్క్‌లు చేయబడును అన్న బోర్డు బయట ఉంటుంది. థీసిస్ సంగతి బోర్డు మీద ఉండదు. అక్కడొక అన్న నాకు దేవనాగరి టైపింగ్, ప్రూఫులు ఇచ్చేవాడు, పేజీకి ఇంతని. రెండేళ్ల కింద ఒక వానాకాలం "చెల్లే, ఒక చాప్టర్ ఉంది, సారు ఉద్యోగం చేస్తడు, టైం లేదు, పదిహేను వేలిస్తడు" అన్నాడు. ఆ వారమే అమ్మకు డెంగ్యూ. ఆస్పత్రి బిల్లు కట్టాలి. నాయినకు నూలిచ్చే సేటు దగ్గర అప్పటికే పాత బాకీ ఉంది. పన్నెండు రాత్రులు కూర్చుని ముప్పై ఎనిమిది పేజీలు రాశాను. నిజాయతీగా, మూలాలు చూసి రాశాను. అదొక విచిత్రమైన నిజాయతీ. 2018లో యూజీసీ తెచ్చిన గ్రంథచౌర్యం నిబంధనల ప్రకారం పదిశాతం దాకా పోలికకు శిక్ష లేదు. నా చాప్టర్‌లో పోలిక దాదాపు లేదు. దొంగతనం లేని రాత కాబట్టి దొంగ ఎప్పటికీ దొరకడు. అమ్మ ఇంటికొచ్చింది. అవి గుగ్గిళ్లని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

మరుసటేడు అదే అన్న, అదే సారు, ఇంకో చాప్టర్, పద్దెనిమిది వేలు. ఈసారి ఇంట్లో జబ్బుల్లేవు. మెస్ బాకీ లేదు. నా పాత ల్యాప్‌టాప్ మాత్రం తెర పట్టుకుంటే తప్ప నిలబడదు. థీసిస్ రాయాలంటే యంత్రం కావాలి కదా, థీసిస్ అయితే ఉద్యోగం, ఉద్యోగం వస్తే ఈ పనులే ఉండవు కదా. నాకు కథలో రెండో రోజు అప్పుడు గుర్తొచ్చింది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఉషస్తి మిగిలిన గుగ్గిళ్లు భార్యకు తెచ్చి ఇచ్చాడు. ఆమెకు అప్పటికే మంచి భిక్ష దొరికింది. అయినా వీటిని పారేయకుండా తీసుకుని దాచింది. తెల్లవారి లేస్తూనే ఆయన, కాస్త తిండి దొరికితే కాస్త డబ్బు సంపాదించేవాణ్ని, పక్కన రాజు యజ్ఞం చేస్తున్నాడు అన్నాడు. ఆమె నిన్నటి గుగ్గిళ్లు తెచ్చి పెట్టింది. చద్దివి, రెండుసార్లు ఎంగిలైనవి. తిని వెళ్లాడు. మొదటి రోజు ఆయన చెప్పిన కారణం ప్రాణం. రెండో రోజు కారణం సంపాదన. గీత రాత్రికి రాత్రే జరిగింది. సంపాదన కూడా ప్రాణం కోసమేనని వ్యాఖ్యాతలు సర్దిచెప్పవచ్చు, నేనూ అలాగే సర్దిచెప్పుకుని పద్దెనిమిది వేలు తీసుకున్నాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్లి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను.

నా వాదంలో చిల్లు ఎక్కడుందో ఆర్నెల్లకు తెలిసింది. మా డిపార్ట్‌మెంట్ మేడ మీద కంప్యూటర్ ల్యాబ్ ఉంది. పది నుంచి ఐదు దాకా తెరిచే ఉంటుంది, ఫ్యాను తిరుగుతుంది, మనిషే ఉండడు. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం యూపీఎస్ ఉందని అక్కడికి వెళ్లి మూడు గంటలు రాసుకున్నాను. అవి నా మంచినీళ్లు. కావలసినప్పుడు దొరికేవి. అంతకాలం వాటిని దాటుకుంటూ నడిచాను.

ఉషస్తి యజ్ఞానికి వెళ్లి చేసిన పని కూడా ఇప్పుడు వేరుగా కనిపిస్తోంది. అక్కడ పాడుతున్నవాళ్లకు తాము ఏ దేవతను పాడుతున్నారో తెలియదు. వాళ్లను వెళ్లగొట్టి మొత్తం దక్షిణ తీసుకోగలడు. రాజు కూడా, నీకోసమే వెతికాను, దొరక్క వీళ్లను పెట్టుకున్నాను అన్నాడు. ఉషస్తి వాళ్లనే పాడనిమ్మన్నాడు. వాళ్లకెంత ఇస్తావో నాకూ అంతే ఇవ్వమన్నాడు. అడిగినవాళ్లకు అందరి ఎదుట దేవతల గురించి చెప్పాడు. డబ్బు అడిగాడు, పేరు దాచలేదు, పక్కవాడి చేతిలోది లాక్కోలేదు. నేను రాసిన చాప్టర్లతో ఆ సారు ఎవరి ప్రమోషన్ దాటి ముందుకు పోయాడో నాకు తెలియదు.

ఆ భార్య గురించి ఇంకొక్క మాట. ఉపనిషత్తు ఆమెను ఆటికి అంటుంది. అది పేరేనని కొందరు. ఇంకా ఎదగని పిల్ల అని శంకరులు అర్థం చెప్పారు. అంత చిన్నపిల్లకు, కడుపు నిండి ఉన్న రోజున, రేపటికి గుప్పెడు దాచాలని తెలిసింది. బ్రహ్మసూత్రాలు ఆమెను పట్టించుకోలేదు. మా అమ్మ ఆవాల డబ్బాలో యాభై నోట్లు మడిచి పెడుతుంది. ఆస్పత్రి బిల్లులో నా పదిహేను వేలు పోగా మిగిలింది అందులోంచే వచ్చింది. ఆ సంగతి నాకు తర్వాత చెల్లి చెప్పింది.

కొత్త ల్యాప్‌టాప్‌లో మొదటిసారి వీడియో కాల్ చేసినప్పుడు నాయిన తెర దగ్గరికి మొహం పెట్టి చూశాడు. "బొమ్మ మంచిగ వస్తుంది. స్కాలర్‌షిప్ వచ్చిందా బిడ్డా?" అన్నాడు. ఊఁ అన్నాను. ఈ వ్యాసం దాని మీదే టైపు చేస్తున్నాను. ఈ నెల మళ్లీ ఆ అన్న నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, చివరి చాప్టర్ ఉందట. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు ఇంకా పెట్టలేదు. రేపటికి శనగలు నానబోయాలి.