అభ్యంతరమను మాటకు అర్థమేమి?

వాక్యభాగములు: 1 కొరింథీయులకు 8:1–13, మత్తయి 17:24–27

జంషెడ్‌పూరులో టాటానగర్ రైల్వే స్టేషనుకు చేరువనున్న బర్మామైన్స్ పేట తెలుగు కుటుంబములకు చిరపరిచితము. 1907లో స్థాపింపబడిన టాటా ఇనుము–ఉక్కు కంపెనీ 1912లో ఉక్కు పోయనారంభించెను. సాక్చి అను పల్లె 1919లో జంషెడ్‌పూరను పేరు దాల్చెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పనికొరకు వచ్చినవారనేకులు ఆ నగరమున స్థిరపడి, తమతోకూడ భాషను, భక్తిని, పండుగలను తెచ్చుకొనిరి. పేకను కూడ తెచ్చుకొనిరి. షిఫ్టు దిగినవాడు తువ్వాలు పరచి నలుగురితో కూర్చుండి ఆడు ఆటను తెలుగువారు పరిహాసముగా చతుర్ముఖ పారాయణమందురు. జీతపునాటి రాత్రి ఆ పారాయణము ముగియునప్పటికి బియ్యపు డబ్బా సంగతి ఏమగునో ఆ ఇంటి ఇల్లాలికే ఎరుక.

అట్టి పేటలోని తెలుగు సంఘమొకటి క్రిస్మస్ కూడికకు సిద్ధపడుచున్నదనుకొనుడి. పిల్లలను ఆకర్షించి సువార్త చెప్పవలెనని ఒక యౌవనస్థుడు కనికట్టు ప్రదర్శింప పూనుకొనెను. అతని నేర్పంతయు పేకముక్కలలోనే యున్నది. ఇస్పేటు రాజు ఆఠీను రాణిగా మారును. ఒకరు తీసిన ముక్క మరియొకరి జేబులో తేలును. సంగతి తెలిసిన సంఘపెద్దలు, “పేక మందిరములోనికా? సహోదరులకు అభ్యంతరము” అందురు. అతడు, “అది రంగులద్దిన అట్టముక్క, విగ్రహము వట్టిదని పౌలు చెప్పలేదా?” అనును. చిత్రమేమనగా ఉభయులును ఒకే అధ్యాయమును చేతబట్టుకొని నిలిచియున్నారు.

ఇచ్చట తెలుగు పాఠకుని తికమకపెట్టునది అభ్యంతరమను మాట. కచేరీలోను, పంచాయతీలోను, పెండ్లిమాటలలోను అభ్యంతరమనగా ఆక్షేపణ. “మీకేమైన అభ్యంతరమా?” అని అడుగుట మర్యాద. తెలుగు బైబిలు ఆ మాటనే స్కాండలోన్ అను గ్రీకు పదమునకు వాడినది. ఆ పదమునకు మూలార్థము బోనులో ఎరను మోయు పుల్ల. జంతువు దానిని తాకగానే బోను మూసికొనును. పౌలు మాంసము మానుకొందుననుట ఎవడో ముఖము ముడుచుకొనునని కాదు, విగ్రహములను విడిచివచ్చిన బలహీనుడు మరల ఆ బోనులో పడునేమో యని. ఆక్షేపించువాడు వేరు, పడిపోవువాడు వేరు. బిగ్గరగా ఆక్షేపించువాడు తరచుగా పడిపోవు ప్రమాదము లేనివాడు. పడిపోవువాడు సభలో నోరు మెదపడు.

ఆ కూడికలో అట్టివాడు వెనుక బల్లమీద కూర్చుండును. పేక మాని రెండేండ్లయినది. వేదికమీద ముక్కలు కలిపెడు చప్పుడు వినబడగానే అతని భార్య అతని ముఖమువైపు చూచును. సికిందరాబాదులోని ఒక క్లబ్బును గూర్చిన వ్యాజ్యములో, రమ్మీ కేవలము అదృష్టముపై ఆధారపడిన ఆట కాదనియు, అందు నేర్పే ప్రధానమనియు 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. న్యాయశాస్త్రమునకు అది తగిన విభజనమే. ఆ ఇల్లాలికి మాత్రము నేర్పు చాలక పోయిన జీతమును, అదృష్టము తప్పి పోయిన జీతమును ఒక్కటే.

యేసు ప్రభువు చరిత్రలో ఈ మాట రెండు విధములుగా కనబడును. మత్తయి 15లో పరిసయ్యులు అభ్యంతరపడిరని శిష్యులు తెలుపగా ఆయన తన మాటను వెనుకకు తీసికొనలేదు. అచ్చట సత్యమే ప్రశ్నలో నున్నది. 17వ అధ్యాయములో దేవాలయపు పన్ను తాను చెల్లింపనక్కరలేదని పేతురునకు నిరూపించి, అభ్యంతరము కలుగకుండుటకై వెంటనే చెల్లించు ఏర్పాటు చేసెను. అచ్చట ప్రశ్నలో నున్నది ఆయన హక్కు మాత్రమే. పేకముక్క ఈ రెండవ జాతికి చెందినది. దాని విలువ అరషెకెలు. త్రాడు, రుమాలు, నాణెము, కాగితము – ఐంద్రజాలికుని సంచిలో వస్తువులకు కొదువలేదు. ఆ యౌవనస్థుడు పేకను ఇంట విడిచివచ్చినచో సువార్తలో ఒక అక్షరమైనను తగ్గదు.

అంతమాత్రమున పెద్దల వాదమంతయు నిర్దోషమని కాదు. చీట్లపేక అను పేరులోని చీటి పరిశుద్ధ గ్రంథములోను కలదు. సిలువ క్రింద సైనికులు ప్రభువు వస్త్రముకొరకు వేసినవి చీట్లే. మత్తీయను అపొస్తలులలో చేర్చినవియు చీట్లే. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగియగనే ఎన్నో తెలుగు మందిరములలో విశ్వాసులు చేయి చాచి, చూడకయే ఒక వాగ్దానపు కార్డు తీసికొందురు. మనస్సునకు నచ్చిన వచనము రానియెడల రెండవమారు చేయి పెట్టువారును లేకపోలేదు. ఒక ముక్క తీయుమని పిలుచు ఐంద్రజాలికునికన్న ఆ రెండవమారు పెట్టిన చేతినిగూర్చి పెద్దలు ఎక్కువ కలతచెందుట న్యాయము.

1423లో ఇటలీలోని బొలోనియా నగరమున బెర్నర్దీనో అను సన్యాసి ప్రసంగమునకు కదిలి జనులు తమ పేకలను మంటలో వేసిరి. పేకముక్కలు చిత్రించి బ్రతుకు పనివాడొకడు తన కూడు పోయెనని మొరపెట్టుకొనగా, యేసు నామమును పలకమీద చిత్రించి అమ్ముకొనుమని ఆ బోధకుడు చెప్పెనని ప్రతీతి. మంట సంగతి అందరు జ్ఞాపకముంచుకొందురు. పనివాని కూటి సంగతి కొందరే. ఆ యౌవనస్థుని చేతినుండి పేక తీసికొనువారు ఆ చేతికి మరియొకటి అందింపవలెను గదా.

కనికట్టునంతటిని గారడీయని నిషేధించువారు వేరొక పొరపాటు చేయుదురు. అపొస్తలుల కార్యములు 8లో సమరయ సీమోను చేసిన దానికి తెలుగు బైబిలు వాడిన మాట గారడీ. గ్రీకులో ఆ పదపు కుటుంబమునకే చెందిన మాట మత్తయి 2లో తూర్పునుండి వచ్చినవారికి వాడబడగా, అనువాదకులు వారిని జ్ఞానులనిరి. సీమోను దోషము చేతివాటము కాదు; తాను గొప్పవాడనని చెప్పుకొనుటయు, దేవుని వరమును ద్రవ్యమిచ్చి కొనగోరుటయు. 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ అను ప్రొటెస్టంటు పెద్దమనిషి, మంత్రగత్తెలను నేరము మోపి నిరపరాధులను చంపుచుండుట సహింపక ఒక గ్రంథము ప్రకటించెను. పేకతోను, బంతులతోను, నాణెములతోను చేయు కనికట్టు ఎట్లు జరుగునో అందు విప్పి చూపెను. దయ్యమునకు అంటగట్టినది వ్రేళ్ల పనియని జనులు గ్రహించినచో కొన్ని ప్రాణములైనను దక్కునని అతని ఆశ.

స్కాట్ విప్పిన దానిని సువార్త వేదిక మూసిపెట్టుట అపాయకరము. “ఈ ముక్క మాయమైనట్లే మీ పాపములు మాయమగును” అని చెప్పుట సులభము; పిల్లలు చప్పట్లు కొట్టుదురు. కాని ముక్క మాయము కాలేదు. అది అతని అరచేతి వెనుకనో, చొక్కా చేతిలోనో ఉన్నది. నాలుగేండ్లకు అదే పిల్లవాడు ఆ కిటుకు నేర్చుకొని, పాపక్షమాపణయు ఇట్టిదేనా, ఖాళీ సమాధియు ఇట్టిదేనా యని తనలో తాను అడుగుకొనును. వెనుక బల్లమీదివాడు మాత్రమే కాదు, ముందు వరుసలో నేలమీద కూర్చున్న ఆ పిల్లవాడును పౌలు చెప్పిన బలహీనుడే. అతనికి త్రాడైనను రుమాలైనను బోనే కాగలదు. మనుష్యుని కన్ను ఎంత సులభముగా మోసపోవునో చూపుటకు కనికట్టును వాడవచ్చును. జూదగాడును, అబద్ధబోధకుడును ఆ కంటినే దోచుకొందురని చెప్పవచ్చును. అప్పుడు చేతి పనియు నోటి మాటయు ఏకమగును. పిల్లలు ఇంటికి వెళ్లకమునుపు అతడు చొక్కా చేయి పైకి మడిచి, నాణెము ఎచ్చట దాగెనో చూపి, దానిని వారి చేతికిచ్చి ప్రయత్నింపనిచ్చిన మరియు మంచిది. రహస్యము విప్పరాదనుట ఐంద్రజాలికుల వృత్తిధర్మము. మందిరములో ఒక్క కిటుకు మేరకైనను ఆ ధర్మమును సడలింపవచ్చును.