మతకలహాల కథల్లో మామూలు మనిషి

మతకలహం జరిగిన ఊళ్ళో తెల్లవారాక రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "మనిషిలో మృగం ఉంది, అది మేలుకుంది" అని. రెండోది, "జనం మంచివాళ్ళే, రాజకీయ నాయకులు రెచ్చగొట్టారు" అని. మొదటిది భావవాదులు చెప్పేమాట. రెండోది సాధారణంగా మనం చెప్పేమాట. కథల్లోనూ, నవలల్లోనూ కూడా చాలామట్టుకు ఈ రెండు మాటలే రూపం కట్టాయి. ఈ రెండూ చాలవని నా వాదన. మొదటి మాట కలహాన్ని పన్నినవాడెవడో చెప్పదు. రెండో మాట కత్తి పట్టిన చెయ్యి ఎవరిదో చెప్పదు. మంచి కథ ఈ రెండూ చెప్పాలి. 1947 నాటి దేశ విభజన మీద ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషల్లో వచ్చిన కొన్ని రచనలను ఆధారం చేసుకుని ఈ విషయం పరిశీలిస్తాను.

ముందు మృగం సంగతి చూద్దాం. మృగానికి పంచాంగం తెలియదు. కలహాలకు మాత్రం తేదీలున్నాయి. ముస్లింలీగు ప్రత్యక్ష చర్య దినంగా ప్రకటించిన 1946 ఆగస్టు 16న కలకత్తాలో మారణకాండ మొదలయింది. అక్టోబరులో నవఖాళీ, ఆ వెంటనే బీహారు. 1947 మార్చి మొదట్లో పంజాబులో ఖిజర్ హయాత్ ఖాన్ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. ఆ నెలలోనే రావల్పిండి జిల్లా గ్రామాలు తగలబడ్డాయి. తరతరాలుగా ఒకే బావి నీళ్ళు తాగిన మనుషుల్లో మృగం సరిగ్గా మంత్రివర్గాలు పడిపోయినప్పుడే ఎందుకు మేలుకోవాలి? జూలై 8న ఈ దేశంలో అడుగుపెట్టిన రాడ్‌క్లిఫ్ అయిదు వారాల్లో సరిహద్దు గీసేశాడు. ఆ గీత ఎక్కడ పడిందో ప్రజలకు తెలిసింది ఆగస్టు 17న, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు. కోటిమందికి పైగా మనుషులు గీత ఇవతలినుంచి అవతలికీ, అవతలినుంచి ఇవతలికీ నడిచారు. ఇదంతా మానవ స్వభావమని సరిపెట్టుకోవటం నేరస్థుల పేర్లు కొట్టివెయ్యటమే అవుతుంది.

ఇక మనం చెప్పే మాట. అది నిజమే కాని అర్ధ సత్యం. ప్రజలు చరిత్ర నిర్మాతలని మనం నమ్ముతాం. సమ్మె చేసిన రోజున చరిత్ర నిర్మాతలైన ప్రజలు, కలహం జరిగిన రోజున తోలుబొమ్మలెలా అవుతారు? మంచిపని చేసినప్పుడు ప్రజల ఖాతాలోనూ, చెడ్డపని చేసినప్పుడు నాయకుల ఖాతాలోనూ రాసుకోవటం శాస్త్రీయ దృక్పథం కాదు. అది ప్రజల మీద ప్రేమ కూడా కాదు. చేసినదానికి జవాబు చెప్పనక్కర లేదని ఎవర్ని గురించి అనుకుంటామో, వాణ్ణి మనతో సమానుడైన మనిషిగా లెక్కచెయ్యటం లేదన్నమాట.

ఈ చిక్కును నేరుగా ఎదుర్కొన్న నవల భీష్మ సాహ్నీ రాసిన "తమస్". ఆయన పుట్టింది రావల్పిండిలో. 1947లో అక్కడి కలహాలు కళ్ళారా చూశాడు. 1970లో భివండీ కలహాల తర్వాత ఆ ఊరు వెళ్ళినప్పుడు రావల్పిండి మళ్ళీ గుర్తుకొచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. 1975లో ఈ నవలకు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1988లో దూరదర్శన్‌లో ధారావాహికగా వస్తున్నప్పుడు ఆపించాలని కొందరు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు.

నవల ఒక పందిని చంపటంతో మొదలవుతుంది. నత్థూ చచ్చిన పశువుల తోళ్ళు వలిచి బతికేవాడు. పశువుల డాక్టరుకి కావాలని చెప్పి మురాద్ అలీ అతనిచేత పందిని చంపిస్తాడు. అందుకు అయిదు రూపాయల నోటు ఇస్తాడు. తెల్లవారేసరికి ఆ కళేబరం మసీదు మెట్లమీద ఉంటుంది. ఊరు అంటుకుంటుంది. చివర అన్ని పార్టీలవాళ్ళనీ ఎక్కించుకుని శాంతి ప్రచారానికి బస్సు బయలుదేరుతుంది. అందులో కూర్చుని శాంతి నినాదాలు ఇస్తున్నవాడు ఆ మురాద్ అలీయే. అతన్ని గుర్తుపట్టగలిగిన నత్థూ అప్పటికి చచ్చిపోయాడు.

ఈ నవల చదివిన ఒక విద్యార్థి నన్ను, "నత్థూ దోషా, నిర్దోషా?" అని అడిగాడు. ఆ ప్రశ్న రావటమే నవల గెలుపు. నత్థూకి కుట్ర తెలియదు. మురాద్ అలీ లాంటి మనిషి మాట కాదంటే బతకలేని కులంలో పుట్టాడు. అయిదు రూపాయలు అతనికి చిన్న మొత్తం కాదు. ఇన్ని చెప్పినా నత్థూకి మాత్రం మనశ్శాంతి లేదు. ఊళ్ళో మంటలు చూసి లోలోపల కుళ్ళిపోతాడు. విచిత్రమేమిటంటే నవల మొత్తంలో అందరికన్నా తక్కువ దోషం ఉన్నవాడే అందరికన్నా ఎక్కువ బాధ్యత అనుభవిస్తాడు. కలెక్టరు రిచర్డుకి ఆ బాధ లేదు. అతను చరిత్ర చదివినవాడు, పురావస్తువుల మీద మోజున్నవాడు. తలుచుకుంటే కలహాన్ని మొదట్లోనే ఆపగల అధికారం అతనిదే. ఊరు తగలబడేదాకా ఊరుకుని, తర్వాత సహాయ శిబిరాలు చక్కగా నడుపుతాడు. కుట్రను మురాద్ అలీలోనూ, దానికి నీడనిచ్చిన వ్యవస్థను రిచర్డులోనూ, బాధ్యతను నత్థూలోనూ పెట్టి రచయిత మూడింటినీ వేరువేరుగా చూపించాడు. ఒకదానితో మరొకదాన్ని కప్పిపెట్టలేదు.

షానవాజ్ పాత్ర ఇంకా కఠినమైన పరీక్ష. అతను ధనికుడు, స్నేహశీలి. హిందూ మిత్రుడి కుటుంబాన్ని తన కారులో భద్రమైన చోటికి చేర్చాడు. మిత్రుడి భార్య నగలు తీసుకురావటానికి ప్రమాదం లెక్కచెయ్యకుండా వాళ్ళ ఖాళీ ఇంటికి వెళ్ళాడు. అక్కడ కిటికీలోంచి మసీదు ఆవరణలో ఒక శవాన్నీ, దానిచుట్టూ చేరిన జనాన్నీ చూశాడు. మెట్లు దిగుతుండగా ముందు నడుస్తున్న నౌకరు మిల్ఖీ పిలక కంటబడింది. ఒక్క తన్ను తన్నాడు. మిల్ఖీ మెట్ల కిందికి దొర్లి మళ్ళీ లేవలేదు. తర్వాత షానవాజ్ నగల పెట్టె తీసుకెళ్ళి మిత్రుడి భార్య చేతికి ఎంతో మర్యాదగా అందించాడు.

ఇందులో మృగం లేదు. మృగమే అయితే నగలు తిరిగి ఇవ్వదు. అతన్ని ఎవరూ రెచ్చగొట్టలేదు కూడా. షానవాజ్ కోపానికి గురి కావలసింది ఎవరో అతని వర్గం నిర్ణయించింది. తన అంతస్తువాడైన హిందువు మిత్రుడు. నౌకరీ చేసే హిందువు కేవలం హిందువు. రాజకీయాలు మతం పేరు మీద గీసిన గీత, మెట్లమీదికి వచ్చేసరికి డబ్బున్నవాడి పక్కనుంచి తప్పుకుని పేదవాడి నడ్డిమీద పడింది. వర్గ దృష్టి ఉన్న రచయిత మాత్రమే ఈ సంఘటన రాయగలడు. అయినా ఆ తన్ను తన్నినవాడు షానవాజే. "వర్గం" అన్న మాట కాలెత్తదు.

దీనికి ఎదురుగా రాజో ఉంది. ఊరు విడిచి పారిపోతున్న ముసలి సిక్కు దంపతులు హర్నామ్ సింగ్, బంతో ఆమె తలుపు తడతారు. వాళ్ళ దుకాణాన్ని దోచిన గుంపులో ఆమె భర్తా కొడుకూ ఉన్నారు. వాళ్ళు తెచ్చిన పెట్టె ఆ దంపతులదే. ఆమె అత్తగారు, ఇంటి పెద్ద. మతసామరస్యం గురించి ఉపన్యాసం ఇవ్వదు. మజ్జిగ ఇస్తుంది, అటక మీద దాస్తుంది, చీకటిపడ్డాక ఊరిపొలిమేర దాటించి, వాళ్ళ నగలు వాళ్ళకిచ్చి పంపుతుంది. కొడుకు గొడ్డలి పట్టుకుని వచ్చినా ఎదురుగా ఎరిగున్న ముఖం కనిపించేసరికి చెయ్యి లేవలేదు. షానవాజ్‌కూ రాజోకూ మధ్య ఉన్న తేడాయే నేను చెప్పదలచుకున్న విషయం. పరిస్థితి ఇద్దరికీ ఒకటే. పరిస్థితి మనిషిని ఇరుకులోకి నెడుతుంది. ఆ ఇరుకులో కూడా జానెడు చోటు మిగులుతుంది. కథకుడి చూపు నిలవవలసింది ఆ జానెడు చోటు మీద.

ఇప్పుడు "సమతూకం" అనే సమస్యకు వద్దాం. కృష్ణచందర్ రాసిన "పెషావర్ ఎక్స్‌ప్రెస్"లో రైలే కథ చెబుతుంది. సరిహద్దుకి అటు హిందువులూ సిక్కులూ చంపబడతారు, ఇటు ముస్లిములు చంపబడతారు. రచయిత సదుద్దేశాన్ని శంకించటానికి వీల్లేదు. రక్తం ఇంకా ఆరకముందే, ఏ మతంవాడికీ "మనవాళ్ళు నయం" అనే వీలు లేకుండా చెయ్యాలన్న తపన అందులో ఉంది. కాని ఇందులో ఒక లోపముంది. శవాలను మతాలవారీగా లెక్కపెట్టేవాడు మతోన్మాది. రెండు పక్కలా మొత్తం సమానంగా వచ్చేట్టు చూసినా లెక్కల పుస్తకం మాత్రం అతనిదే. పేజీ మార్చాం గాని పుస్తకం మార్చలేదు.

పుస్తకం మార్చినవాడు మంటో. "ఖోల్ దో"లో సిరాజుద్దీన్ తప్పిపోయిన కూతురు సకీనా కోసం వెతుకుతాడు. ఆమెను వెతికి పెడతామన్న స్వచ్ఛంద సేవకులు అతని మతంవాళ్ళే, అతని దీవెనలు అందుకున్నవాళ్ళే. ఆమెను చెరిచింది కూడా వాళ్ళే. ఈ కథను ఏ మతం ఖాతాలో రాయాలి? ఇక్కడ "మనవాళ్ళు" అన్న మాటే కూలిపోతుంది. ఈ కథ వేసినందుకు "నుఖూష్" పత్రికను పాకిస్తాన్ ప్రభుత్వం ఆరునెలలు నిషేధించింది. ప్రభుత్వం సంగతి సరే, అభ్యుదయ రచయితలు కూడా మంటోను దూరం పెట్టారు. 1948లో వచ్చిన "సియాహ్ హాషియే"లోని చిన్న చిన్న కథలను శవాల మీద హాస్యమని నిందించారు. ఆ విమర్శ పొరపాటని నేననుకుంటాను. వాళ్ళు రచయితనుంచి ఆశ కోరారు. మంటో చూపింది, దోపిడీ చేస్తున్నప్పుడూ హత్య చేస్తున్నప్పుడూ కూడా మనుషులు మామూలుగానే ఉంటారన్న సంగతి. బేరాలాడతారు, వరసలో నిలబడమంటారు, పొరపాటు జరిగితే నొచ్చుకుంటారు. ఇది నిరాశావాదం కాదు. రోగం ఎంత లోతుకు దిగిందో చెప్పని వైద్యుడు రోగికి మేలు చెయ్యడు.

రాజీందర్ సింగ్ బేదీ "లాజ్వంతీ" మరొక సంగతి చెబుతుంది. హింస కత్తులు ఒరలో పెట్టగానే ఆగిపోదు. అపహరించబడ్డ స్త్రీలను తిరిగి తీసుకురావటానికి 1949లో భారత ప్రభుత్వం చట్టం చేసింది. వాళ్ళను గుండెల్లో పెట్టుకోమని ఊరేగింపులు తీసే సుందర్‌లాల్ భార్యే తిరిగివచ్చింది. పూర్వం ఆమెను కొట్టేవాడు. ఇప్పుడు కొట్టడు, దేవీ అని పిలుస్తాడు. ఆమె చెప్పుకోదలచిన మాట మాత్రం వినడు. దేవతకి గతం ఉండకూడదు గదా! ఆదర్శవాది అయిన సంస్కర్త చేతుల్లోనే ఆమె మనిషితనం రెండోసారి పోయింది. సంఘాల్లో పనిచేసే మనం ఈ కథను మళ్ళీ మళ్ళీ చదవాలి.

ఖుష్వంత్ సింగ్ "ట్రెయిన్ టు పాకిస్తాన్" 1956లో వచ్చింది. ఇందులో ఇక్బాల్ చదువుకున్న రాజకీయ కార్యకర్త. మనో మజ్రా గ్రామానికి ప్రజలను చైతన్యపరచడానికి వచ్చాడు. శరణార్థుల రైలు మీద దాడి జరగబోతున్నదని తెలిసిన రాత్రి, తన త్యాగాన్ని చూసేవాళ్ళు ఎవరూ లేనప్పుడు చావటంలో ప్రయోజనమేమిటని తర్కించుకుంటూ నిద్రపోతాడు. ప్రాణమిచ్చి రైలును దాటించినవాడు జగ్గా, పోలీసు రికార్డుల్లో కేడీ. ఆ రైల్లో అతను ప్రేమించిన నూరాన్ ఉంది. దీన్ని చూపి, సిద్ధాంతం దండగ, మనసు చాలు అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. జగ్గా ఒక రైలును ఆపద దాటించాడు. ఆ నెలల్లో అలాంటి రైళ్ళు ఎన్నో శవాలతో గమ్యం చేరాయి. రాజో ఇద్దర్ని కాపాడింది, ఊరును కాపాడలేకపోయింది. "తమస్"లో కామ్రేడ్ దేవదత్ కాంగ్రెసునీ లీగునీ ఒకచోట కూర్చోబెట్టాలని నగరమంతా తిరుగుతాడు. అతను ఓడిపోవచ్చు గాని, అతను చేసిన పని ఒక్కొక్క మనిషి మంచితనం చెయ్యగలిగేది కాదు. వ్యక్తి నిర్ణయం లేని సంస్థ ఇక్బాల్ తర్కంలా నిద్రపోతుంది. సంస్థ లేని వ్యక్తి నిర్ణయం ఒక్క రైలు దగ్గరే ఆగిపోతుంది.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. తెలంగాణా రైతాంగ పోరాటంలో హిందూ దేశ్‌ముఖునీ ముస్లిం పాలకుణ్ణీ ఒకే పీడక వ్యవస్థగా పేదలు గుర్తుపట్టారు. విసునూరు దేశ్‌ముఖును కోర్టులో ఎదిరించి 1940లో హత్యకు గురైన షేక్ బందగీని ముస్లిమని కాకుండా తమవాడని తలుచుకున్నారు. రజాకార్ల దౌర్జన్యాలు మన కథల్లో, నాటకాల్లో వచ్చాయి, రావలసిందే. కాని 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత జరిగింది కూడా చరిత్రే. పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్‌లు ఆ ఏడాది చివర సంస్థానంలో తిరిగి కేంద్రానికి నివేదిక ఇచ్చారు. తక్కువలో తక్కువగా ఇరవై ఏడు వేలనుంచి నలభై వేలమంది చంపబడ్డారని వాళ్ళ అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అందరికన్నా ఎక్కువ నష్టపోయాయి. చంపబడ్డవాళ్ళలో రజాకారుతో ఏ సంబంధమూ లేని ముస్లిం పేదలెందరో ఉన్నారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. రజాకారును దుర్మార్గుడిగా చిత్రించిన మన సాహిత్యం, ఆ సెప్టెంబరులో పొరుగింటి ముస్లిం మీదికి వెళ్ళిన మామూలు రైతును అంత సూటిగా చూడలేదు. వాడు మనవాడు కావటమే అందుకు కారణమైతే, మనం కూడా మతాలవారీ లెక్కల పుస్తకంలోనే రాస్తున్నామన్నమాట.

అదే నివేదికలో ఇంకొక సంగతి ఉంది. ప్రాణాలకు తెగించి ముస్లిములను కాపాడిన హిందువులు చాలాచోట్ల ఉన్నారు. ఒకే వృత్తివాళ్ళ మధ్య ఈ ఆదరణ మరీ ఎక్కువగా కనిపించింది. హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళ పక్షాన నిలబడి హిందూ గుంపులతో పోరాడారు. మగ్గం పక్కన మగ్గం పెట్టి బతికిన బతుకు ఆ పూట వాళ్ళకు జానెడు చోటు ఇచ్చింది. ఆ చోటులో నిలబడటం మాత్రం వాళ్ళు తీసుకున్న నిర్ణయం. "తమస్" చివర సహాయ కార్యాలయంలో ఒక గుమాస్తా ఉంటాడు. ఏడుస్తూ వచ్చినవాళ్ళను కథలు వద్దు, అంకెలు చెప్పమంటాడు. సుందర్‌లాల్ నివేదిక మనకు అంకెలు ఇచ్చింది, నేతగాళ్ళ గురించి ఒకటి రెండు వాక్యాలూ ఇచ్చింది. ఆ వాక్యాల వెనక ఉన్న మనుషులను, గుంపులో నడిచినవాణ్ణీ గుంపుకి అడ్డు నిలిచినదాన్నీ ఇద్దర్నీ, పేర్లతో ముఖాలతో మన ముందు నిలబెట్టే పని తెలుగు నవలది.