లిస్టులో నా పేరు లేకుంటే చాలా?





పోయిన ఆదివారం మా విహారంలో వందన అయిపోయింది. అందరూ చాపలు మడతపెడుతుంటే ఒక తమ్ముడు మాత్రం మూలకు కూర్చుండిపోయాడు. పటాన్‌చెరు దిక్కు ఒక కంపెనీలో తొమ్మిదేండ్ల నుంచి మెషిన్ మీద పని చేస్తున్నాడు. ఆర్డర్లు లేవని మూడు వారాల కింద లే-ఆఫ్ పెట్టారు. సగం జీతం. రోజూ షిఫ్టు టైముకు గేటు కాడికి పోవాలి, మస్టర్‌లో సంతకం పెట్టాలి, తిరిగి రావాలి.

"అన్నా, పని ఉన్నప్పుడు ఒళ్ళు అలిసేది. ఇప్పుడు ఉత్తగ పోయి ఉత్తగ వస్తున్న, మనసు అలుస్తుంది. నెలాఖరుకు తీసేసేటోళ్ళ లిస్టు పెడతరంట. రాత్రి నిద్ర పడ్తలేదు. ధ్యానం చేస్తే ఈ భయం పోతదా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చెప్పాలనుకున్నది ఈ నాలుగు పుటల్లో రాస్తున్నాను. ఇలాంటి ఇండ్లు మనలో ఇంకా ఉన్నాయి.

ముందు ఆ సగం సంగతి చూద్దాం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో లే-ఆఫ్ పరిహారం చేర్చారు. ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం ఇవ్వాలి. కొత్త లేబర్ కోడ్‌లో కూడా ఆ సగం అట్లనే ఉంది. కానీ మన ఇండ్లు నడిచేది మూల వేతనంతో కాదు, ఓవర్‌టైంతో. అది పోతే చేతికొచ్చేది పాత జీతంలో సగం కూడా ఉండదు. ఇంటి ఓనరు సగం కిరాయి తీసుకోడు. బడివాళ్ళు సగం ఫీజు తీసుకోరు. ఇక కాంట్రాక్టు కార్మికుడికైతే ఈ సగం కూడా దక్కదు. "రేపటి నుంచి రావద్దు" అంటారు, అంతే.

కాబట్టి ఆ తమ్ముడి భయం మనసు బలహీనత కాదు. దానికి కారణం బయట ఉంది. బుద్ధుడు దీన్ని ఎట్లా చూశాడో ఆళవిలో జరిగిన ఒక కథ చెబుతుంది. ధమ్మం వినాలనుకున్న ఒక పేద రైతు ఎద్దు తప్పిపోయింది. పొద్దంతా దాన్ని వెతికి, ఆకలితో ఆలస్యంగా వచ్చాడు. అంతసేపూ బుద్ధుడు బోధ మొదలుపెట్టకుండా అతని కోసం ఆగాడు. రాగానే ముందు అన్నం పెట్టించాడు. అతను తిన్నాకే ధమ్మం చెప్పాడు. దీనికి భిక్షువులు గుసగుసలాడితే, ఆకలిని మించిన రోగం లేదని వారికి వివరించాడు. అందుకే సగం జీతం మనిషికి మనం మొదట చెప్పాల్సిన మాట "ధ్యానం చెయ్యి" కాదు. "ఇంట్ల బియ్యం ఉన్నయా?" అని అడగాలి.

రెండో సంగతి. ఆ తమ్ముడి అత్తమ్మ "పోయిన జన్మల ఏం పాపం చేసినవో బిడ్డా" అన్నదట. ముడుపు కట్టమన్నదట. ఆమె మీద కోపం వద్దు, తరతరాలుగా మనకు నేర్పిన మాటే అది. కానీ ఆ మాట ఎవరికి లాభమో చూడండి. ఉద్యోగం పోవడానికి పోయిన జన్మే కారణమైతే యజమానిని అడిగేది లేదు, సర్కారును అడిగేది అంతకన్నా లేదు. పేదవాడి పేదరికాన్ని అతని గత జన్మ మీదికి నెట్టే సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ "బుద్ధుడు - ఆయన ధమ్మం" గ్రంథంలో గట్టిగా కాదన్నారు.

మరి కర్మ అనేదే లేదా? ఉంది. నాకు అది ఎక్కడ కనిపించిందో దాచకుండా చెబుతాను.

ఇరవై ఏండ్ల కింద బి.ఏ. చదివి, వేరే ఉద్యోగం దొరకక ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాగా చేరాను. అక్కడా లే-ఆఫ్ వచ్చింది, అక్కడా లిస్టు పుకారు లేచింది. ఒకరోజు సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచి, మా సెక్షన్‌లో ఎవరెవరు ఎట్లా పని చేస్తారని అడిగాడు. నాతో రోజూ టిఫిన్ డబ్బా పంచుకునే మనిషి గురించి "కొంచెం లేటుగా వస్తడు సార్" అన్నాను. అది అబద్ధం కాదు. వారానికి నోటీసు బోర్డు మీద లిస్టు పెట్టారు. పదకొండు పేర్లు. నా పేరు లేదు. ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మళ్ళీ పైనుంచి చదివాను. ఐదో పేరు అతనిది.

నా మాట వల్లనే అతని పేరు పడిందా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ మాట ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. బుద్ధుడు కర్మకు మూలం చేతన అన్నాడు, అంటే ఆ పని వెనక ఉన్న ఉద్దేశం. నా కర్మ పోయిన జన్మలో లేదు, సూపర్‌వైజర్ ముందు నేనన్న ఆ ఒక్క మాటలో ఉంది. నిజమే పలికినా అది సమ్యక్ వాక్కు కాలేదు.

భయపడటం తప్పు కాదు. "వాని పేరు పడనీ, నా పేరు వద్దు" అని లోపల అనుకుంటాం చూడండి, ధమ్మం మనల్ని నిలదీసేది అక్కడ.

తీసేసేటప్పుడు చివర చేరినవాడు ముందు పోవాలన్నది చట్టం పెట్టిన పద్ధతి. సూపర్‌వైజర్ ఇష్టానికి వదిలేయడం కంటే అది నయమే. కానీ చివర చేరేది ఎవరు? ఆలస్యంగా తలుపు తెరుచుకున్నవాళ్ళు. బొంబాయి బట్టల మిల్లుల్లో ఎక్కువ కూలి వచ్చే నేత విభాగంలోకి మనవాళ్ళను రానీయలేదు. దారం తెగితే నోటితో తడిపి ముడి వేయాలి, అంటు అవుతుందన్నారు. అడ్డుకున్నది మిల్లు యజమానులు ఒక్కరే కాదు, తోటి కార్మికులు కూడా. 1928 సమ్మె సమయంలో బాబాసాహెబ్ ఈ అన్యాయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టారు. అయినా ఆయన కార్మికులను వదిలిపెట్టలేదు. సమ్మె హక్కును బిగించే బిల్లుకు వ్యతిరేకంగా 1938 నవంబర్ 7న అదే కార్మికులతో కలిసి సమ్మె చేయించారు. తోటివాడు చేసిన అన్యాయాన్ని ఎత్తి చూపారు, తోటివాడి పక్కనే నిలబడ్డారు. మైత్రి అంటే నాకు అర్థమైంది ఇదే.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వస్తాను. ధ్యానం చేస్తే లిస్టు ఆగదు. భయం మొత్తం పోతుందని కూడా నేను చెప్పను. కానీ శ్వాసను గమనించడం అలవాటైన మనిషికి, భయం లేచి నాలుక మీదికి వచ్చేటప్పుడు అది కనబడుతుంది. కనబడితే నోరు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ రోజు నాకు లేనిది ఆ ఒక్క క్షణమే.

మిగతాది మనం కలిసి చేసుకోవాల్సిన పని. గేటు కాడ సంతకం ఒక్కరోజు కూడా మానొద్దు, మానితే ఆ రోజు సగం కూడా పోతుంది. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, స్వచ్ఛంద రాజీనామా అని రాసి ఉండొచ్చు. జీతం చీటీలు, పీఎఫ్ కాగితాలు భద్రం చెయ్యండి. ఉద్యోగం తీసేస్తే నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. సర్వీసు ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం రావాలి. తొమ్మిదేండ్లకు 135 రోజులది. గ్రాట్యుటీ వేరే. ఇది ఎవరి దయా కాదు. సూపర్‌వైజర్ ఒక్కొక్కరినే పిలిస్తే "అందరం కలిసి వస్తం సార్" అనండి. ఒంటరి భయం కుట్రగా మారుతుంది, పంచుకున్న భయం సంఘంగా మారుతుంది. మనం శరణు పొందిన మూడింటిలో సంఘం కూడా ఉంది కదా!

మా విహారంలో ఈ ఆదివారం నుంచి ఇంటికి ఒక గ్లాసు బియ్యం తెస్తున్నాం. లే-ఆఫ్ పడ్డ ఇండ్లు ప్రస్తుతం మూడు. ఆ తమ్ముడు కూడా ఒక గ్లాసు తెచ్చాడు. "నీకెందుకు తమ్మీ?" అంటే, "కాంట్రాక్టుల చేసే పిలగానికి నా అంత కూడ వస్తలేదన్నా" అన్నాడు.

లిస్టు ఇంకా రాలేదు.

నమో బుద్ధాయ! జై భీమ్!