సరిహద్దు దగ్గర కనిపించే యూరప్

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మా మాస్టారికీ నాకూ మధ్య ఈమధ్య నడిచిన మాటలివి. డచ్ పుస్తకాలు కొన్ని అనువాదాల్లో ఇద్దరం చదివాం. యూరప్ అంతా ఒకటేనన్న భావం వాటిలో గట్టిగా ఉందని నా పక్షం. లేదని ఆయన పక్షం.

మాస్టారు: ఎక్కడుందమ్మా? హేర్ట్ మాక్ 1999లో ఏడాది పొడుగునా ఖండమంతా తిరిగాడు. 2004లో ‘ఇన్ యూరోపా’ అని ఇంత లావు పుస్తకం వేశాడు. జనం ఎగబడి కొన్నారు. మరుసటి ఏడాదే, యూరప్ రాజ్యాంగం మాకొద్దని అదే డచ్ జనం అరవై శాతానికి పైగా ఓటేశారు.

నేను: ఆ ఓటు బ్రస్సెల్స్‌లో కూర్చున్న యూనియన్ పెద్దల మీద కోపం మాస్టారూ. సాహిత్యానికి దానితో పనిలేదు.

మాస్టారు: సరే, అది వదిలేశాను. ఇంకోటి మాత్రం వదలను. ఇల్యా లెయొనార్ట్ ఫైఫర్ రాసిన ‘గ్రాండ్ హోటెల్ యూరోపా’ చూడు, 2018 నాటిది. వన్నె తగ్గిన హోటల్. దాన్ని కొన్న చైనా యజమాని. వెనకటి వైభవం తలుచుకుంటూ గదుల్లో ఉండిపోయిన అతిథులు. మరోపక్క వెనిస్ నిండా టూరిస్టులు. అమ్ముకోవడానికి గతం తప్ప సరుకు లేని ఖండం! మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు లేదూ? దీన్నా నువ్వు ఉమ్మడి అస్తిత్వం అంటున్నావు?

నేను: దీనికి జవాబు చెప్పకుండా నేనూ ముందుకు పోను. ఆ నవల మొదట్లో, హోటల్ మెట్ల దగ్గర కథకుడికి ఎదురయ్యేదెవరు? ఎర్ర యూనిఫాం వేసుకున్న కుర్రాడు, అబ్దుల్. ఎడారి దాటి, సముద్రం దాటి వచ్చినవాడు. తన కథ వాడే చెబుతాడు. ఆ కథ వింటూంటే రోమన్ కవి వర్జిల్ కావ్యం ‘ఈనిడ్’ గుర్తొస్తుంది. ఇది కాకతాళీయం కాదు, ఫైఫర్ కావాలని చేసిన పని. తగలబడుతున్న ట్రాయ్ నుంచి ముసలి తండ్రిని భుజాన వేసుకుని బయటపడ్డ ఈనియాస్ ఎవరు? సముద్రం మీద ఏళ్ల తరబడి తిరిగి ఇటలీ ఒడ్డు చేరినవాడు. రోమ్ తన పుట్టుక గురించి చెప్పుకున్నది ఒక శరణార్థి కథ! అతిథులు తలుచుకుని మురిసిపోయే ఆ గతాన్ని తవ్వుకుంటూ పోతే అడుగున ఉన్నది అబ్దులే. వాణ్ని బయటివాడనుకుంటే ఈనియాస్‌నీ బయటే నిలబెట్టాలి. అప్పుడు రోమ్ ఏదీ, ఈ హోటల్ ఏదీ? గతాన్ని పట్టుకుని వేలాడేవాళ్ల నవల అన్నారు మీరు. ఆ గతం ఎవరిదో తేల్చిన నవల అంటాను నేను.

మాస్టారు: ఫైఫర్ లైడెన్ యూనివర్సిటీలో గ్రీకు చెప్పిన మనిషి గనక ఆయనకది తట్టింది. ఒప్పుకున్నాను. అన్నట్టు, డచ్ మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉంటారు?

నేను: రెండున్నర కోట్ల లోపు. మనం 2011 లెక్కల్లోనే ఎనిమిది కోట్లు దాటాం.

మాస్టారు: అయినా వాళ్ల నవల మన చేతికొచ్చింది. మనది పక్కనున్న ఒడియాలోకి పోవడమే గగనం.

నేను: వాళ్లు దానికి డబ్బు పెడతారు. అనువాదాలకు సాయం చేసే నిధి నెదర్లాండ్స్‌కి ఒకటి, బెల్జియంలో డచ్ మాట్లాడే ఫ్లాండర్స్‌కి ఒకటి ఉన్నాయి. 2016లో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనకు ఇద్దరూ కలిసి గౌరవ అతిథులుగా వెళ్లారు. రెండు దేశాలు, ఒక భాష. మనకు రెండు రాష్ట్రాలు, ఒక భాష. ఇలా కలిసి ఎక్కడికైనా వెళ్లామా? ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మాస్టారు: దారి తప్పాం. అసలు మాటకి రా. శరణార్థి గురించి రాసేదంతా కడుపు నిండిన తెల్లవాళ్లే కదా?

నేను: ఇరాన్ నుంచి పారిపోయి వచ్చి, డచ్ నేర్చుకుని, ఆ భాషలోనే పెద్ద నవలలు రాసిన కాదర్ అబ్దొల్లా ఉన్నాడు.

మాస్టారు: ఉన్నాడు, నిజమే.

నేను: టామీ వీరింగా 2012 నవల ‘దిట్ జెయిన్ ద నామెన్’ తీసుకోండి. కొందరు వలసవాళ్లు డబ్బు కట్టి సరిహద్దు దాటుతారు. దాటామనుకుంటారు. ఆ సరిహద్దే దొంగది. మోసగాళ్లు ఆడిన నాటకం. ఉన్న దేశంలోనే గడ్డిమైదానాల్లో పడి ఆకలితో తిరుగుతారు.

మాస్టారు: మరి వాళ్లు యూరప్ చేరనేలేదుగా!

నేను: చేరలేదు గనకే చెబుతున్నాను. యూరప్ అనే ఊహకి ఎంత బలముందో, దానికోసం చావడానికి సిద్ధపడ్డవాళ్లకి తెలిసినట్టు లోపల కూర్చున్నవాళ్లకి తెలియదు.

మాస్టారు: లోపలివాళ్లకి సరిహద్దు బాధ లేదనా?

నేను: ఎందుకు లేదు? డేవిడ్ వాన్ రేబ్రూక్ ‘జింక్’ చదవండి, చిన్న పుస్తకం. 1816లో ఒక జింకు గని ఎవరిదో తేలక, నెదర్లాండ్స్‌కీ ప్రష్యాకీ మధ్య మోరెస్నె అనే తటస్థ ముక్క మిగిలింది. 1920లో అది బెల్జియంలో కలిసింది. డ్యూసెల్డార్ఫ్‌లో యజమాని వల్ల గర్భవతైన పనిపిల్ల అక్కడికొచ్చి 1903లో ఒక కొడుకుని కంది. ఆ కొడుకు అక్కడే బతికాడు. రెండు యుద్ధాలు వాడి మీదుగా పోయాయి. ఒక్క సరిహద్దూ దాటకుండానే ఐదు పౌరసత్వాలు!

మాస్టారు: కదలని వాడూ, కదిలొచ్చిన అబ్దులూ ఒకటేనా?

నేను: ఒకటి కారు. అబ్దుల్ గీత దాటాడు, వీణ్ని గీత దాటింది. కానీ ఇద్దరి కాగితాలూ రాసింది ఇంకెవరో. మాక్ పుస్తకంలో ఖండమంతా ఎదురయ్యే ముసలివాళ్లదీ ఇదే గతి. డచ్ పుస్తకాల్లో యూరప్ వాళ్లందరినీ కలుపుతున్నది ఈ అనుభవమే. ఆ జనంలో అబ్దుల్ అందరికంటే ముందున్నాడు.

మాస్టారు: ముందున్నాడంటే కొంచెం ఎక్కువే చెప్పావు. కాదనడానికి మాత్రం నా దగ్గర మాట లేదు. ఆ ‘జింక్’ ఇలా ఇయ్యి.