ఇంకా రసం ఉండగానే

డేరా అంటే మన తెలుగులో గుడారం. నాలుగు గుంజలు పాతి, గుడ్డ కప్పి, పని తీరగానే పీకేసుకుని పోయేది. దుబాయిలో ఖోర్ కాలువకు ఈవలి ఒడ్డున డేరా అనే ఈ పాత బస్తీలో నేను దిగి పదిహేడేళ్ళయింది. గుంజలు ఇంకా పీకలేదు.

నైఫ్ వీధుల్లో ఒక చిన్న కెఫెటేరియాలో జ్యూస్ కౌంటర్ నాది. నిమ్మ, నారింజ, మోసంబి. మోసంబి అంటే మన బత్తాయే. నల్లగొండ జిల్లాలో హాలియా దగ్గర బత్తాయి తోట ఉన్న ఇంట్లో పుట్టి, బోర్లు ఎండిపోయాక సముద్రం దాటి వచ్చి, ఇక్కడ అదే పండు కోసి పిండుతున్నాను. నా రాత ఇంతకంటే వంకరగా ఎవరు రాస్తారు?

పిండిన ప్రతి సీసాకూ స్టిక్కర్ అంటిస్తాను. అందులో రెండు టైములు ఉంటాయి: పిండింది ఎప్పుడు, పారబోయాల్సింది ఎప్పుడు. ఇక్కడి మునిసిపాలిటీని మేమంతా బలదియా అంటాం. చల్లగా ఉంచాల్సిన తిండి ఏదైనా 5 డిగ్రీల లోపే ఉండాలన్నది వాళ్ళ నియమం. మా కొట్టు లెక్క ఇంకాస్త గట్టిది. ఏ రోజు రసం ఆ రాత్రి 2 గంటలకు కొట్టు కట్టేసేలోపే చెల్లిపోవాలి. ఆ రెండో టైము రాసేటప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తొస్తుంది.

పొద్దున వండింది రాత్రి దేవుడి ముందు పెట్టేది కాదామె. ‘పాచిది దేవునికి పెడతారా బిడ్డా’ అనేది. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో ఆహారాన్ని మూడు రకాలు చేసి చెప్పిన చోట, తామసమైన తిండికి యాతయామం, గతరసం అని రెండు మాటలు ఉన్నాయని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. యామం అంటే మన జాము, మూడు గంటలు. జాము గడిచిపోయింది యాతయామం. రసం పోయింది గతరసం. మొదట్లో రెండూ ఒకటే అనుకున్నాను. కావు. మొదటిది గడియారం చెప్పేది, రెండోది వస్తువే చెప్పేది. నా స్టిక్కర్ మీద ఉన్నది మొదటిదే. రెండోది ఎక్కడ రాయాలి? ఏదైనా ఒకదాన్ని మనం ఎంతకాలం దాచుకోవచ్చు, దాచుకున్నది ఎప్పుడు మనది కాకుండా పోతుంది అన్న ప్రశ్న నాకు గుడిలో పుట్టలేదు. ఈ కౌంటర్ వెనక పుట్టింది.

ముందు గడియారం సంగతి. ఇంట్లో తీసిన నారింజ రసం ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. నిమ్మరసం మూడు నాలుగు రోజులు. ఫ్రీజర్‌లో ఐసు ట్రేలలో గడ్డ కట్టించి సంచిలో వేసుకుంటే మూడు నాలుగు నెలలు. సీసా గాజుదో స్టీలుదో కావాలి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుపు పోస్తే చిలుము పడుతుందని మన ఇళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. సీసా మెడదాకా నింపి మూత బిగించాలి, గాలి ఎంత తక్కువుంటే విటమిన్ సి అంత నిలుస్తుంది. ఫ్రీజర్‌లోకి మాత్రం కొంచెం వెలితి పెట్టాలి, గడ్డ కడితే ఉబ్బుతుంది. ఫ్రిజ్ తలుపు అరల్లో కంటే లోపలి వైపు చల్లదనం నిలకడగా ఉంటుంది కాబట్టి సీసా అక్కడ పెట్టాలి. పండును కోయకముందే కడగాలి, తొక్క మీది మురికిని కత్తే లోపలికి మోస్తుంది. నిన్నటి రసంలో ఇవాళ్టిది కలపకూడదు. బయట పెట్టి రెండు గంటలు దాటిన రసాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి మోసపోకూడదు. ఇక్కడి ఎండల్లో అయితే ఒక్క గంటే.

పుల్లనిదానికి పురుగు పట్టదని మా ఊళ్ళో నమ్మకం. సగం నిజం. పులుపు చాలా క్రిముల్ని అణుస్తుంది, అన్నిటినీ కాదు. 1999లో అమెరికాలో, కెనడాలో పాశ్చరైజ్ చేయని నారింజ రసం తాగి వందల మంది సాల్మొనెల్లాతో జబ్బు పడ్డారు. ఆ రసం వాసన మారి ఉండాలనేమీ లేదు. మూత ఉబ్బినా, నురగ కట్టినా, సారా వాసన వచ్చినా పారబోయడం సులువే. ఏ గుర్తూ లేకుండా చెడిందే ప్రమాదం. అందుకే నాలుక మీద వేసుకుని పరీక్ష చేయను, స్టిక్కర్‌నే నమ్ముతాను.

అయితే ఒకసారి స్టిక్కర్ సరిగ్గా ఉండి కూడా నేను తప్పాను. 2015లో రంజాన్ జూన్ నెలలో మొదలైంది. దాదాపు పదిహేను గంటల ఉపవాసం. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యిందంటే కౌంటర్ ముందు నిలబడే చోటుండదు. ఆ తాకిడికి ముందే పని తేల్చుకుందామని మధ్యాహ్నమే ఇరవై లీటర్ల మోసంబి రసం పిండి, 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాను. టైములు రాశాను. అజాన్ అయ్యింది. ఒక పెద్దాయన ఖర్జూరం నోట్లో వేసుకుని, నా చేతి గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. ఏమీ అనలేదు. గ్లాసు మెల్లగా కౌంటర్ మీద పెట్టి, నీళ్ళు అడిగాడు.

రసం కటిక చేదు. చెడిపోలేదు, తాగితే ఏ జబ్బూ రాదు, కానీ చేదెక్కింది. బత్తాయి లోపలి తెల్లపొరలో, గింజల్లో చేదు లేని ఒక పదార్థం ఉంటుంది. పండుగా ఉన్నన్నాళ్ళూ అది తన చోట తానుంటుంది. పిండితే పులుపులో కలిసి, కొన్ని గంటల్లో లిమొనిన్ అనే చేదుగా మారుతుంది. వేడి చేస్తే ఇంకా తొందరగా మారుతుంది. చల్లదనం ఆ మార్పును నెమ్మది చేస్తుంది, ఆపదు. తోటలో పుట్టినవాణ్ణి, నాకెందుకు తెలియలేదంటారా? తోట ఉన్నవాడికి రసం దాచే అవసరమేముంది! మా నాయిన పండు కోసి, దాని మీది ఎండ వేడి చల్లారకముందే పిండి ఇచ్చేవాడు. ‘చెట్టు మీద ఉంటే చెట్టు సొమ్ము, కోస్తే నా సొమ్ము, పిండితే ఎవడు ముందు తాగితే వాడి సొమ్ము’ అనేవాడు.

ఆ రాత్రి ఇరవై లీటర్లూ మోరీలో పోశాం. పోసింది నాతో పనిచేసే మలబారు పెద్దాయన, మేమంతా ఇక్కా అంటాం. నన్ను తిట్టలేదు. పోస్తూనే నబీజ్ సంగతి చెప్పాడు. ఖర్జూరాలో ఎండుద్రాక్షలో నీళ్ళలో నానబెట్టిన పానీయం అది. ప్రవక్త దాన్ని తాగేవారట, కానీ మూడు రోజులు దాటనిచ్చేవారు కారట. ఆ తర్వాత పనివాడికి ఇప్పించడమో, పారబోయించడమో చేసేవారని హదీసుల్లో ఉంది. ‘అదేంటి ఇక్కా, తాను తాగనిది పనివాడికా?’ అన్నాను. ఇక్కా నవ్వాడు. మారకుండా ఉంటే ఇచ్చేవారు, మారితే పోయించేవారు అని పెద్దలు వివరం చెప్పారన్నాడు. పులిసి మత్తెక్కితే అది నబీజ్ కాదు, హరామైన ఇంకొకటి. పేరు పాతదే, వస్తువు మారిపోయింది. ‘మోనే, సీసా మారదు, లోపలిది మారుతుంది. మనం సీసానే చూస్తుంటాం’ అన్నాడు.

పేరు నిలిచి సారం పోయిన కథ సముద్రం మీద ఇంకోటి జరిగింది. 1747లో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో, చిగుళ్ళు కుళ్ళి నెత్తురు కారే స్కర్వీ జబ్బుతో ఉన్న పన్నెండు మంది నావికుల్ని జంటలుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట అందరికంటే ముందు లేచింది. అయితే పళ్ళు నెలల తరబడి ఓడలో నిలవ ఉండవు కదా. రసాన్ని కాచి చిక్కగా చేసి సీసాలో దాచమన్నాడు. దాన్ని ‘రాబ్’ అన్నారు. అరబ్బీలో చిక్కటి పాకానికి వాడే రుబ్బ్ అన్న మాటే అది. ఆ పాకం ఏళ్ళ తరబడి చెడదన్నాడు. కానీ రోగం నయం చేసే విటమిన్ సి చాలావరకు కాచేటప్పుడూ, నిలవ ఉన్నప్పుడూ పోయింది. విటమిన్ అన్న మాటే లేని కాలం అది, ఆయనకెలా తెలుస్తుంది? సీసాలో దాచుకున్నది గతరసం. యాతయామం కాకుండా కాపాడబోయి, రసాన్నే పోగొట్టుకున్నారు.

ఇదంతా చూసి దాచడమే పాపమని తేల్చేయబోయాను. ఆలస్యం అమృతం విషం అన్నారు కదా! మసాలా సూక్ అనే బజారుకు పోయినప్పుడు ఆ తీర్పు తేలిపోయింది. అక్కడ గోనెసంచుల్లో నల్లగా, తేలిగ్గా, గోలీల్లా ఉండే కాయల్ని లూమి అంటారు. నిమ్మకాయల్ని ఉప్పునీళ్ళలో ఉడికించి, లోపల నల్లబడేదాకా ఎండబెట్టినవి. పొడిచి కూరలో వేస్తే ఇల్లంతా వాసన. మా గదిలో మంచం కింద అమ్మ పంపిన నిమ్మకాయ ఊరగాయ జాడీ ఉంది. అది నెల తిరిగాకే తొక్క మెత్తబడి తినబుద్ధవుతుంది. ఇవి రెండూ జాములు కాదు, నెలలు దాటినవి. వీటిని గతరసం అనగలమా? దాచడంలో తేడా ఉంది. లూమి నీళ్ళు వదులుకుంది. ఊరగాయ ఉప్పుకు ఒప్పుకుంది. తన పాత రూపం పోగొట్టుకుని కాలంతో కలిసి ఇంకొకటి అయ్యింది, అందుకే నిలిచింది. నా ఇరవై లీటర్లు మాత్రం ఏమీ మారకుండా, ఏమీ ఇవ్వకుండా అలాగే ఉండాలనుకున్నాయి. అలా అనుకున్నది అవి కావులెండి, నేను. తెలుగులో పాచిపోవడం ఒకటి, పులియడం ఒకటి, ఊరడం ఒకటి, చేదెక్కడం ఒకటి. కాలం ఒక్కటే, దానికి మనవాళ్ళు ఇన్ని క్రియలు పెట్టారు.

నా ప్రశ్నకు జవాబు దొరికిన చోటు కఠోపనిషత్తు. నచికేతుడి తండ్రి యజ్ఞం చేసి ఆవుల్ని దానం ఇస్తుంటాడు. తాగాల్సిన నీళ్ళు తాగేసి, మేయాల్సిన గడ్డి మేసేసి, పాలన్నీ పితికించుకుని, ఇక ఈనే సత్తువ లేని ఆవులవి. పిల్లవాడు అది చూసి కలవరపడతాడు, నన్ను ఎవరికి ఇస్తావు అని తండ్రిని అడుగుతాడు. యముడి ఇంటి దాకా సాగే ఆ కథలో చావు, ఆత్మ లాంటి పెద్ద మాటలు చాలా వస్తాయి. నేను ఆ ఆవుల దగ్గరే ఆగిపోయాను. ఇచ్చేదాంట్లో ఇంకా రసం ఉండాలి. నేను అమ్ముకోగలిగినప్పుడు ఇస్తేనే దానం. గడువు దాటాక ఇస్తే నా మోరీని ఇంకొకడి కడుపులోకి మళ్ళించినట్టే. నబీజ్ విషయంలో ఇక్కా చెప్పిందీ ఇదే కదా: మారకముందు ఇవ్వడం, మారాక పోయడం.

ఇక నా సంగతి. రెండేళ్ళకో నెల సెలవు. పదిహేడేళ్ళలో ఇంట్లో ఉన్నది మొత్తం ఎనిమిది నెలలు. ఇల్లు కట్టాను, అప్పు చాలావరకు తీర్చాను, అమ్మాయి ఇంటర్‌కు వచ్చింది. ‘దాని పెళ్ళి చేశాక వచ్చేస్తా’ అని ఫోనులో చెబుతుంటాను. ఆ మాట అన్న ప్రతిసారీ ఆ ఆవులే కళ్ళ ముందు మెదులుతాయి. మోకాళ్ళు అరిగి, షుగర్ తెచ్చుకుని, సత్తువంతా ఇక్కడ పితికిచ్చేసి, మిగిలినదాన్ని తోలుకెళ్ళి ఇంటివాళ్ళకు అప్పగించడమేనా నా లెక్క? అప్పు ఉంది, అది అబద్ధం కాదు. ఏ నెలలో వెళ్ళాలో ఇంకా తేలలేదు. కానీ అడిగే ప్రశ్న మారింది. ఎంత కూడబెట్టాక వెళ్ళాలి అని అడుక్కునేవాణ్ణి. ఇప్పుడు, నాలో ఎంత మిగిలుండగా వెళ్ళాలి అని అడుక్కుంటున్నాను.

రంజాన్ సంఘటన తర్వాత మోసంబి రసం ముందుగా తీయడం మానేశాను. పండు దాస్తాను, రసం దాచను. కోయని పండు ఫ్రిజ్‌లో వారాలు ఉంటుంది. నిమ్మ, నారింజ సీసాలు కొన్ని మాత్రం సాయంత్రానికి సిద్ధం చేసుకుంటాను. రాత్రి 11 కాగానే అమ్ముడుపోనివి సంచిలో వేసుకుని, ఓనరుకు చెప్పే, వీధిలోకి తీసుకెళ్తాను. ఇంకా మూడు గంటల ఆయువు ఉండగానే.

మొన్న మా బిల్డింగ్ కింద వాచ్‌మన్ డ్యూటీలో జగిత్యాల పిల్లవాడు ఉన్నాడు, కొత్తగా వచ్చాడు. సీసా ఇచ్చాను. ‘ఎన్నింటికి తీసిండ్రన్నా?’ అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగినందుకు ముచ్చటేసింది. స్టిక్కర్ చూపించాను. సగం గుటగుటా తాగి, మూత బిగించాడు.

‘ఈ సగం మా తమ్మునికి దాస్తనన్నా. పైన రూముల పండుకున్నడు. పొద్దుగాల తాగుతడు.’

‘పొద్దుటికి వద్దు తమ్మీ,’ అన్నాను. ‘ఇప్పుడే లేపి కిందికి పిలువు.’