మెరుగుపెట్టిన గోళీ

ధ్యాన భాగములు: కీర్తనలు 32:1–5, యోహాను 21:15–17



పిల్లలు వీధిలో ఆడుకొను గాజు గోళీలను ఎరుగనివారు మనలో లేరు. అవి యంత్రముల మీద తయారగునవి. ఒకటి పోయినయెడల పిల్లవాడు ఒక పూట ఏడ్చి ఊరకుండును. అయితే యంత్రములు రాక మునుపు చేతితో చేసిన గోళీలు కలవు. వాటిని కొందరు మిక్కిలి వెలపెట్టి కొని భద్రపరచుకొనుచున్నారు. అట్టి గోళీని కొనువాడు ముందుగా విచారించునది ఇది: ఈ గోళీ చేసినవాని చేతినుండి వచ్చినట్లే యున్నదా, లేక దెబ్బ తినిన తరువాత ఎవరైనను దీనిని బాగుచేసిరా? ఈ నెల మనము ఈ ప్రశ్నను కొంచెము ధ్యానింతము. మన ఆత్మలకును ఇందులో పాఠమున్నది.

జర్మనీ దేశమున తురింగియా కొండలలో లౌషా అను ఊరు కలదు. 1597లో అక్కడ గాజు కొలిమి నెలకొల్పబడెను. పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలము నుండి ఆ ఊరి పనివారు గోళీలు చేయుటలో పేరుపొందిరి. వారు రంగు గాజు పుల్లలను చేర్చి, వాటిపై తేట గాజును పొదిగి, కొలిమిలో కాచి, మెలిపెట్టి, పొడుగైన కడ్డీగా సాగదీయుదురు. చివర గిన్నెవంటి గుంట గల ఇనుప కత్తెరలో ఆ కడ్డీ కొనను పెట్టి త్రిప్పి, గుండ్రముగా చేసి, కత్తిరించుదురు. తరువాత 1905లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున మార్టిన్ క్రిస్టెన్సన్ అనునతడు గోళీలు చేయు యంత్రమునకు పేటెంటు పొందెను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. క్రమముగా చేతిపని గోళీల కాలము గడచిపోయెను.

నేర్పరియైనవాడు గోళీని భూతద్దము క్రింద పెట్టి నాలుగు గుర్తులు వెదకును.

మొదటిది, బొడ్డు. బిడ్డకు బొడ్డు ఉన్నట్లే, కడ్డీనుండి తెగిన చోట గోళీకి గరుకైన మచ్చ మిగులును. సాధారణముగా రెండు కొనలను ఒక్కొక్కటి యుండును. తరువాత ఎవరైనను సానపట్టినయెడల అది నునుపగును, లేదా మాయమగును. అయితే ఈ ఒక్క గుర్తును బట్టి తీర్పు తీర్చరాదు. కొన్ని పాత గోళీలకు చేసినవారే ఆ చోటును సానపట్టిరి. కొందరు బాగుచేయువారు బొడ్డును విడిచిపెట్టి మిగిలినదంతయు మెరుగుపెట్టుదురు.

రెండవది, పైతలము. చేతిపని గోళీ మీద చిన్న ముడుతలు, గుంటలు, ఆటలో తగిలిన గీతలు ఉండును. మెరుగుపెట్టిన గోళీ నీటిలో ముంచి తీసినట్లు అంతట ఒకే తీరుగా మెరయును. భూతద్దములో సన్నని సాన గీతలు కనబడవచ్చును.

మూడవది, రంగు దారములు. కొన్ని గోళీలలో ఈ దారములు గాజు పైపొరకు మిక్కిలి దగ్గరగా నుండును. సాన అక్కడివరకు వచ్చినయెడల ఆ దారములు అరిగి, తెగి కనబడును.

నాలుగవది, నెలవంక. దెబ్బ తగిలిన చోట గాజు లోపల నెలవంకవంటి పగులు ఏర్పడును. సాన పైపైనే పోవును గనుక లోతైన పగులు అట్లే నిలిచియుండును.

సానపట్టుట గోళీకి ఏమియు చేర్చదు, దానిలోనుండి తీసివేయును. మెరుగు ఎక్కినకొలది గోళీ చిన్నదగును.

ప్రియులారా, పాపమును దాచుకొనువాని స్థితియు ఇట్టిదే. దావీదు తన పాపమును గూర్చి మౌనముగా నున్న దినములలో తన యెముకలు క్షీణించెనని ముప్పదిరెండవ కీర్తనలో చెప్పుచున్నాడు. అప్పుడును ఆయన సింహాసనము మీదనే కూర్చుండెను, కిరీటము మెరయుచునే యుండెను. కాని లోపల మనుష్యుడు అరిగిపోవుచుండెను. ఆదివారము తెల్లని బట్టలు కట్టుకొని ప్రభువు బల్లయొద్దకు వచ్చి, ఇంట అన్నదమ్ములతో మాటలాడనివాడు పైకి మెరయును గాని, నెలవంక లోపలనే యున్నది.

అయితే గోళీని బాగుచేయుట నేరమా? కాదు. అమ్మువాడు ఇది సానపట్టినదని చెప్పి అమ్మినయెడల మోసము లేదు. ఎన్నడును దెబ్బ తినలేదని చెప్పి అమ్ముటయే మోసము. అపొస్తలుల కార్యములు అయిదవ అధ్యాయములో అననీయ సప్పీరాల సంగతి చూడుడి. పొలము వెలలో కొంత ఉంచుకొనుటకు వారికి అధికారము ఉండెను. కొంత ఇచ్చి అంతయు ఇచ్చితిమని కనబరచుకొనుటచేతనే వారు నశించిరి. దేవునిముందు మనలను పాడుచేయునది పగులు కంటె, పగులు లేదను మాటయే.

పేతురును చూడుడి. ఆయన ముమ్మారు ప్రభువును ఎరుగనని బొంకెను. నాలుగు సువార్తలలోను ఆ సంగతి వ్రాయబడియున్నది. ఆదిసంఘము తన పెద్ద యొక్క మచ్చను సానపట్టి తీసివేయలేదు. తిబెరియ సముద్రతీరమున ప్రభువు ముమ్మారు ప్రేమను గూర్చి ఆయనను అడిగి, ముమ్మారు మందను ఆయనకు అప్పగించెను. గాయమెక్కడనో స్వస్థతయు అక్కడనే.

ఇక్కడ గోళీల అంగడికిని దేవుని ఇంటికిని పోలిక తెగిపోవుచున్నది. అంగడిలో బాగుచేయబడినదానికి వెల తగ్గును. దేవుని ఇంట అట్లు కాదు. ఎన్నడును తప్పిపోనివానిని, తప్పి తిరిగి వచ్చినవానిని ప్రభువు ఒకే రక్తముతో కొనెను. తప్పిపోయిన కుమారునికి పాత అంగీ కాదు, ప్రశస్త వస్త్రము తొడిగించిరి.

మరి మన సంఘములలో ఏ వెల నడచుచున్నది? సారా విడిచి రెండేండ్లుగా ప్రార్థనకు వచ్చుచున్న సహోదరుని, చిన్న తగాదా రాగానే, నీ సంగతి మాకు తెలియదా అని దెప్పువారు లేరా? ఇల్లు విడిచి తిరిగి వచ్చిన ఆడుబిడ్డను స్త్రీల కూటములో వెనుక చాపమీద కూర్చుండబెట్టుట లేదా? మనము ఇట్లు వెల తగ్గించుచున్నంతకాలము జనులు తమ పగుళ్లను దాచుకొనుచునే యుందురు. దాచువానిని గద్దించుటకు ముందు, దాచవలసిన భయము పెట్టినది మనమేమో అని పరీక్షించుకొందము.

పాపమును ఊరంతట చాటింపు వేయవలెనని దేవుడు అడుగుట లేదు. దేవునియొద్ద ఒప్పుకొనవలెను, ఎవరికి హాని చేసితిమో వారియొద్దకు పోవలెను, అడిగినప్పుడు అబద్ధమాడకూడదు. ఈ వారములో బల్లయొద్దకు రాకముందు అట్టి గుమ్మము ఏదైన ఉన్నయెడల అక్కడికి నడచిపోవుదము. వచ్చినవానికి తలుపు తీయవలసినవారము మనమే అయినయెడల తీయుదము.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా లోతైన పగుళ్లను నీవెరుగుదువు. పైమెరుగుతో తృప్తిపడు మనస్సును మాలోనుండి తీసివేయుము. నీవు బాగుచేసినవారిని తక్కువ వెలకు లెక్కింపకుండ మా సంఘమును కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.